ఆకుకి మీసాలు

కుండీలో మొక్కకి ఎండుటాకులు గిల్లుతుంటే, పచ్చటి ఆకొకటి నా వేలు తగలకముందే పక్కకి జరిగింది. గాలి కూడా లేదు. కళ్లజోడు సరిచేసుకుని చూస్తే ఆకుమిడత! కాటిడిడ్ అంటారే, అది. రెక్క మీద నడిమి ఈనె, దాన్నుంచి చీలిన సన్న ఈనెలు, అంచున ఏదో పురుగు కొరికినట్టు చిన్న గోధుమరంగు మచ్చ. ఆ మచ్చకే నేను ఫిదా. ఆకులా ఉంటే చాలదని, కాస్త పాడైన ఆకులా తయారైంది!

మీసాలు ఒంటికన్నా పొడవు. మామూలు మిడతకి పొట్టిగా ఉంటాయి కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది. చెవులేమో ముందుకాళ్ల మీద, మోకాళ్ల కింద! రాత్రిపూట మగది ముందురెక్కలు ఒకదానికొకటి రాసి పాడుతుంటే, ఆడది కాళ్లతో వింటుందన్నమాట.

గాలికి ఊగే పుల్లలా ఊగుతూ నడిచే పుల్లపురుగు కూడా నాకిష్టమే. కానీ దాని మొహంలో ఇంత అమాయకత్వం ఉండదు (ఇది పూర్తిగా నా పక్షపాతం).

ఫోన్ తెచ్చేసరికి మాయం. పది నిమిషాలు వెతికాక తెలిసింది, అది కదల్లేదు, నాకే కనపడలేదు. ఫోటో బాగానే వచ్చింది. ఇంట్లో ఎవరికి చూపించినా "ఏదీ, ఎక్కడ?" అంటున్నారు.