ఒళ్ళు కాలినవారికి పథ్యం పెట్టకండి

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఎవరికైనా ఒళ్ళు కాలిందంటే, ఆ ఇంట్లో ముందుగా ఆగిపోయేవి పప్పు, గుడ్డు, చేప. అవి తింటే పుండు చీము పడుతుందన్న నమ్మకంతో గంజి, మజ్జిగన్నంతోనే రోజులు గడిపిస్తారు. చిన్న బొబ్బకైతే దీనివల్ల పెద్ద నష్టం లేదు గానీ, శరీరంలో 20 శాతానికి మించి చర్మం కాలినవారిలో ఈ పథ్యమే చీముకు దారి తీస్తుందని ఆసుపత్రిలో పోషకాహారం చూసే నా గట్టి అభిప్రాయం.

అంత పెద్ద గాయం చర్మంతో ఆగదు. వాపు ప్రక్రియ ఒళ్ళంతా చెలరేగుతుంది, దానితోపాటే రక్షణ వ్యవస్థ నీరసిస్తుంది. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులున్న చోటికి సరిగా చేరలేవు, చేరినా చంపలేవు. టి-కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల స్పందన మందగిస్తుంది. సూక్ష్మజీవులను ఆపే పేగు గోడ పట్టు సడలుతుంది. మరోవైపు శరీరం మంచం మీద కదలకుండా ఉన్నా విపరీతంగా శక్తిని ఖర్చు చేస్తూ సొంత కండనే కరిగించుకుంటుంది. జింకు, రాగి, సెలీనియం అనే ఖనిజాలు పుండ్ల రసితో బయటికి పోతాయి. యాంటీబాడీలు కూడా ప్రోటీన్లే కదా, తిండిలో ప్రోటీన్ లేనిదే అవి దేనితో తయారవుతాయి?

నిరోధక శక్తి పెంచే ఇంజెక్షన్ ఏదైనా ఉందా అని బంధువులు అడుగుతుంటారు. రక్షణ వ్యవస్థను ఉత్తేజపరిచే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ మందు మీద పెట్టుకున్న ఆశ నిలబడలేదు. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం అదనంగా ఇవ్వడం వల్ల రోగి త్వరగా ఇంటికి వెళ్ళడం లేదని సుమారు 1,200 మందిపై జరిగిన అధ్యయనం 2022లో తేల్చింది. స్లొవేనియా శస్త్రవైద్యురాలు జోరా యాంజెకోవిచ్ 1970లో ప్రచురించిన పద్ధతి మాత్రం నిలిచింది: చచ్చిన చర్మాన్ని తొలి రోజుల్లోనే పొరలుగా తీసి కొత్త చర్మం అతికిస్తే, సూక్ష్మజీవులకు మేతే ఉండదు. ముక్కు గొట్టం ద్వారానైనా తొలి రోజే ఆహారం మొదలుపెట్టడం రెండవది. కాలిన పిల్లలకు ప్రోటీన్ ఎక్కువగా ఇస్తే నిరోధక శక్తి మెరుగుపడి, ఎక్కువ మంది బతికారని అమెరికా శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ బృందం 1980లోనే చూపింది.

పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.5 నుండి 2 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 75 నుండి 100 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే, ఇక గంజి సంగతి చెప్పేదేముంది.

విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి నుండి ఇంటికి చేరినంత మాత్రాన ఈ అవసరం తీరదు. శరీరం చేసే ఆ అదనపు శక్తి ఖర్చు ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళ దాకా సాగుతుంది. చోడి (రాగి పిండి) అంబలి మానక్కర్లేదు గానీ, దాని పక్కన గుడ్డో, ఉలవలో, చేప ముక్కో ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మోతాదు డాక్టరును అడగాలి. పరామర్శకు వచ్చేవారు బత్తాయిలకు బదులు గుడ్లు తెస్తే మేలు, అదీ చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి వస్తేనే.