జనరల్ బోగీ

ఈరోజు కోర్టులో మా ఎంవీఓపీ, అంటే రోడ్డు ప్రమాద పరిహారం కేసు, పిలిచారు. ఇన్సూరెన్స్ తరఫు వకీలు కౌంటర్ వేయడానికి ఇంకోసారి టైం అడిగారు. వాయిదా పడింది. రెండు నిమిషాల పని. దానికోసం మా క్లయింటు చంద్రగిరి అవతల పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చి వరండాలో కూర్చుంది.

"ఎంత వస్తాదమ్మా?" అని అడిగింది. ప్రమాదంలో పోయిన మనిషి 38 ఏళ్లవాడు, ఇంటింటికీ పాలు పోసేవాడు. కాగితం కోసం వెతుకుతుంటే తన ఫ్రీ బస్సు టికెట్ తీసి ఇచ్చింది. దాని వెనకే లెక్క వేశాను. నెలకు 10 వేలు అనుకుంటే ఏడాదికి 1,20,000. నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవాళ్లకు ముందుముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపమని 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. కలిపితే 1,68,000. ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు, కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేయాలి. 1,26,000. ఇక మల్టిప్లయర్, అంటే వయసును బట్టి ఈ ఏడాది మొత్తాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టికలో 36 నుంచి 40 ఏళ్ల వయసుకు 15 ఉంది. మొత్తం 18,90,000. ఇది కాక చిల్లర పద్దులు.

ఆమె టికెట్ వైపు చూడనేలేదు. "ఎప్పుడొస్తాది?" అంది. దానికి పట్టిక లేదు.

టీ దగ్గర మా సీనియర్ పట్టుకున్నారు. "ఎల్‌ఎల్‌ఎం చేస్తాండావంట గదమ్మా, ఏ బ్రాంచి?"

"జనరల్ సార్."

"జనరలా? పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ బోగీ మాదిరా?" అని నవ్వేశారు. పక్కనున్న జూనియర్లూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ లోపల కాస్త గుచ్చుకుంది.

ఆయన కాలంలో ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) అంటే రాజ్యాంగమో క్రిమినలో ఏదో ఒక బ్రాంచి ఉండాల్సిందే. నాది లండన్ యూనివర్సిటీ వాళ్ల దూరవిద్య. మొత్తం 16 మాడ్యూళ్లు, చాలావరకు ఏ వరుసలో చదివినా సరే, అయిదేళ్ల వరకు టైం. అయిదు పాసైతే సర్టిఫికెట్, పదికి డిప్లొమా, పదహారుకు ఎల్‌ఎల్‌ఎం. ఒకే సబ్జెక్టులో సరిపడా మాడ్యూళ్లు తీసుకుంటే పట్టాలో ఆ సబ్జెక్టు పేరు కూడా పడుతుంది. నాలా అన్నిట్లో వేళ్లు పెడితే ఉత్త ఎల్‌ఎల్‌ఎం. నావి ఆరయ్యాయి. నాన్న మోకాలి ఆపరేషన్ అప్పుడు ఒక విడత పరీక్షలు వదిలేశాను. కొంప మునగలేదు. వీళ్ల ఈ దూరవిద్య పద్ధతి 1858 నుంచి ఉంది. మండేలా జైల్లో ఉండి వీళ్ల ఎల్‌ఎల్‌బీ పాఠాలే చదివాడని గుర్తొస్తే, కరెంటు పోయిందని సాకు చెప్పడానికి నోరు రాదు.

సీనియర్ అసలు ప్రశ్న తరువాత వచ్చింది. "దీంతో లెక్చరర్ పోస్టు వస్తుందా?" రాదనే అనుకుంటున్నాను. యూజీసీ 2020 నిబంధనల్లో, దూరవిద్యలో చెప్పకూడని సబ్జెక్టుల జాబితాలో లా కూడా ఉంది. అది తెలిసే చేరాను. "మరి ఎందుకమ్మా పౌండ్లు పోసి?" అన్నారు. అప్పటికి నా నోట్లో సమోసా ఉంది. బతికిపోయాను.

రాత్రి తొమ్మిదిన్నరకు పాప నిద్రపోయాక పుస్తకం తీశాను. మేధో సంపత్తి మాడ్యూల్, ఆ హక్కుల మీద దేశాలు చేసుకున్న ట్రిప్స్ ఒప్పందం. 22వ అధికరణం అన్ని సరుకుల భౌగోళిక గుర్తింపులకు (ఫలానా ఊరి సరుకని చెప్పే పేర్లకు), 23 ఒక్క వైన్లకూ మద్యానికీ. ఫ్రాన్స్‌లోని బోర్డోలో కాక ఇంకెక్కడో చేసిన సీసా మీద "బోర్డో తరహా వైన్" అని రాసినా 23 ప్రకారం తప్పే, కొనేవాడు మోసపోయాడా లేదా అనే ప్రశ్నే రాదు. అదే ఎవరైనా "తిరుపతి తరహా లడ్డూ" అని అమ్మితే, 22 కింద జనం పొరబడుతున్నారని చూపించాలి, లేదంటే అది అన్యాయమైన పోటీ అని నిరూపించాలి. మన లడ్డూకు 2009లోనే గుర్తింపు వచ్చింది. మన 1999 భౌగోళిక గుర్తింపుల చట్టంలోని 22వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫై చేస్తే ఏ సరుకుకైనా అదనపు రక్షణ ఇవ్వొచ్చు. అది వేరే కథ.

సరిగ్గా అప్పుడే అమ్మ స్టీలు ప్లేటులో సగం లడ్డూ తెచ్చింది. అత్త పొద్దున కొండ మీది నుంచి తెచ్చిందట. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో పేజీ తిప్పాను. కలకండ ముక్క పంటి కింద కరకరమంది. నెయ్యి వేలు ప్రింటవుట్ మీద పడి, 22 అన్న అంకె చుట్టూ గుండ్రంగా మరక పాకింది.

అమ్మకు విషయం చెప్పాను. "సారాయోళ్లకు ఎక్కువేందే మళ్లా?" అంది.

"యూరప్ వాళ్లు పట్టుబట్టి రాయించుకున్నారు మా."

"మనోళ్లెవురూ పోలేదా ఆడికి?"

"పోయినారు."

అమ్మ ప్లేటు తీసుకుంటూ, "సరే పండుకో. రేపు ఏం కేసు?" అంది.

"పొద్దున భాగపంపకాల దావా, మధ్యాహ్నం చెక్ బౌన్స్."