ఎన్ని విస్తళ్ళు లేస్తాయి?

మే నెలలో గ్రేడ్లు పంపేసి తిరుపతి విమానం ఎక్కడం నాకు అలవాటు. ఒహాయోలో ఒక కమ్యూనిటీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. "అమెరికా పోయి సాఫ్ట్‌వేర్ కాదా?" అని ఊళ్ళో అందరూ కాస్త జాలిగానే అడుగుతారు. అడగనిది మా పెద్దమ్మ కూతురు ఒక్కతే. అక్కదీ అదే సబ్జెక్టు, ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో. మేమిద్దరం మిద్దె మీద కూర్చున్నామంటే ఇంట్లోవాళ్ళు అన్నానికి పిలిచి పిలిచి ఊరుకుంటారు.

పోయినేడు అక్క ముందు అసైన్‌మెంట్ల కట్ట ఉంది. "చూడవే, అరవై మందివి. అందరిదీ ఒకే తప్పు, అదీ ఒకే లైన్లో" అంది. ప్రశ్న ఏమిటంటే, సామాజిక స్తరీకరణను నిర్వచించి లక్షణాలు వివరించుము. అంటే సమాజంలో మనుషులు పై మెట్టు, కింది మెట్టు అని అంతస్తులుగా విడిపోవడం. గైడులోని రెండు పేజీలు దించి పెట్టారు పిల్లలు. నాకు నవ్వు రాలేదు. మొదటి ఏడాది నేనూ ఇంగ్లీషులో ఆ ప్రశ్నే ఇచ్చాను.

అప్పట్లో నా భయం వేరు. అమెరికా సమాజం గురించి అమెరికావాళ్ళకు నేను చెప్పేదేంటి? వాళ్ళు పుట్టి పెరిగిన ఊరు. నేనేమో అక్కడ ఫుట్‌బాల్ అంటే ఏ ఆటో తెలియకుండా దిగినదాన్ని. పైగా నా యాస. ఎవరైనా "మళ్ళీ చెప్తారా?" అంటే చెవులు వేడెక్కేవి. అందుకని పుస్తకం చాటున దాక్కున్నాను. పదిహేను వారాల సెమిస్టర్, ఇరవై దాకా అధ్యాయాలు, క్లాసుకు నలభై స్లైడ్లు. స్లైడు మీద ఉన్నది చదివితే ఎవరూ ఎదురు అడగరు కదా. సిలబస్ మాత్రం డిసెంబర్‌కి ఠంచనుగా పూర్తయింది.

ఆ సెమిస్టర్లో ఒకామె ఉండేది. రాత్రంతా గోడౌన్లో ప్యాకింగ్ పని, పొద్దున క్లాసు, ఇద్దరు పిల్లలు. అమెరికా సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో పెట్టిన 'సోషియలాజికల్ ఇమాజినేషన్' అన్న మాటకు నిర్వచనం రాయమంటే పొల్లు పోకుండా రాసింది. మనిషి సొంత కష్టానికీ, సమాజంలో పదిమందికీ ఉన్న సమస్యకూ మధ్య లంకె పట్టుకోగలగడం. పదికి పది వేశాను. వారం తిరక్కుండా నా ఆఫీసుకొచ్చి ఏడ్చింది. గోడౌన్లో ఆమె షిఫ్టులో అందరికీ గంటలు తగ్గించారట, అద్దె కట్టలేకపోతోంది. "నేనే సరిగా ప్లాన్ చేసుకోలేదు. తప్పు నాదే" అంటుంది. అందరికీ తగ్గించారని ఆమె నోటే వస్తోంది, తప్పు నాదే అనీ ఆమే అంటోంది. పదికి పది వేసిన ఆ కాగితం నా టేబుల్ మీదే ఉంది.

ఆ తర్వాత మా కాలేజీలో పెట్టిన ఒక వర్క్‌షాప్‌లో 'బ్యాక్‌వర్డ్ డిజైన్' అన్న మాట విన్నాను. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై అనే విద్యావేత్తలు 1998లో తెచ్చిన పద్ధతి. కోర్సు అయ్యేసరికి విద్యార్థికి ఏం చేయడం రావాలో ముందు తేల్చుకోవాలి. అది వచ్చిందని దేన్ని చూసి నమ్ముతామో తర్వాత తేల్చాలి. పాఠాలు, పుస్తకాలు ఆఖర్న. అక్కకు చెబితే "ఓస్, ఇంతేనా?" అంది. నిజమే, మన పెళ్ళిళ్ళ వంటమేస్త్రికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. వస్తూనే "ఎన్ని విస్తళ్ళు లేస్తాయి?" అంటాడు, బియ్యం లెక్క ఆ తర్వాతే. బియ్యం ఎంతుందో చూసి చుట్టాలను పిలిచేది మేం లెక్చరర్లమే.

చెప్పినంత సులువు మాత్రం కాదు. ఇరవై అధ్యాయాల్లో తొమ్మిది ఉంచి మిగతావి తీసేశాను. ఒక్కోటి తీస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉండింది. పెద్ద పరీక్ష ఒకటి ఎత్తేసి, క్లాసు మొదట్లో అయిదు నిమిషాల చీటీలు పెట్టాను. పోయిన క్లాసులో ఏం తెలుసుకున్నారో పుస్తకం తెరవకుండా రాయాలి. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళకన్నా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రయోగం చేసి చూపించారు. అది చదివాక చీటీలకు ధైర్యం వచ్చింది.

చివరి పని ఏం పెట్టాలో మాత్రం వారం రోజులు తోచలేదు. తోచింది విమానాశ్రయంలో, బోర్డింగ్ గ్రూపులు ఒక్కొక్కటే పిలుస్తుంటే. ఇది నాకు తెలిసిన క్యూయే కదా! తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చున్నదాన్ని. 300 రూపాయల టికెట్ వాళ్ళు ఒక దారిన, వీఐపీ బ్రేక్ వాళ్ళు ఒక దారిన, ఏడాదిలోపు బిడ్డతో వచ్చినవాళ్ళు సుపథంలో. దేవుడు ఒక్కడే, దారులు ఎన్నో. స్తరీకరణకు అంతకన్నా పుస్తకం ఏముంది? క్లాసులో మొదటిసారి స్లైడ్లు కట్టేసి తిరుమల గురించి చెప్పాను. నా యాస గురించి ఆ గంట నాకు గుర్తే రాలేదు. తర్వాత వాళ్ళను పంపాను. ఎక్కడైనా ఒక క్యూలో గంట నిలబడండి. ఎవరు ముందుకు పోతున్నారు, ఏ రూల్ మీద, ఆ రూల్ ఎవరు పెట్టారు, వెనకున్నవాళ్ళు ఎందుకు ఒప్పుకుంటున్నారు, రాసుకురండి. లైసెన్స్ ఆఫీసు క్యూ రాశారు, ఉచిత సరుకులు పంచేచోట క్యూ రాశారు. నచ్చనివాళ్ళూ ఉన్నారు. "పాఠం తను చెప్పకుండా మాతో చెప్పిస్తోంది" అని ఫీడ్‌బ్యాక్‌లో ఎవరో రాశారు. నా శనాదివారాలు దిద్దడానికే పోతున్నాయి, జీతం అదే.

అక్క అంతా విని, "నీకేమే, పేపరు నీది, పెత్తనం నీది. మాకు సిలబస్ యూనివర్సిటీది, పేపరు ఇచ్చేదొకరు, దిద్దేదొకరు. తొమ్మిది ఉంచి మిగతావి తీసేస్తే పిల్లోళ్ళు ఏం రాస్తారు, నా మొగమా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటర్నల్ మార్కులు మాత్రం నీ చేతిలోవే కదా అన్నాను, అంతే.

అప్పుడే వీధిలో డప్పులు. గంగమ్మ జాతర రోజులవి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటి వేస్తారు. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు వేసిన వేషాలవి అంటారు. మా ఎదురింటి పిల్లోడు బుగ్గన బొట్టు పెట్టుకుని, వాళ్ళమ్మ పట్టుచీర కట్టుకుని, జడ సవరించుకుంటూ పోతున్నాడు. జాతరలో బూతులు తిట్టినా మొక్కే అంటారు. పిట్టగోడ మీద నుంచి అక్క వాణ్ణే చూస్తూ, "డీవియెన్స్ యూనిట్" అంది. సమాజం కట్టుబాటు తప్పడం గురించిన పాఠం అది. లోపలికెళ్ళి పాత క్యాలెండర్ కాగితం తెచ్చి, వెనక్కి తిప్పి రాసింది: మామూలు రోజుల్లో తప్పయ్యే ఏ పని మీ వీధిలో జాతరకు తప్పు కాదు? ఎవరికి కాదు? రాసి, చివర 'వివరించుము' అని చేర్చి, మళ్ళీ తనే కొట్టేసింది.

సెప్టెంబర్లో వాట్సాప్‌లో ఒక పేజీ ఫోటో పంపింది. బస్టాండు దగ్గర లాడ్జిలో రాత్రిళ్ళు పనిచేసే అబ్బాయిది. "నేను చీర కట్టినాను. మా నాయన మురిసిపోయినాడు. మా చెల్లి దొర వేషం వేస్తానంటే కొట్టబోయినాడు. మొక్కు ఇద్దరిదీ. కాబట్టి జాతరలో రూల్స్ పోవు, కొందరికి మాత్రం సెలవు ఇస్తాయి."

కింద అక్క మెసేజ్: "ఇది గైడులో లేదే. ఎన్ని మార్కులెయ్యాల?"

నా కొలతలు పంపాను. కళ్ళతో చూసింది రాశాడా, ఎవరికి వర్తిస్తుందో ఎవరికి వర్తించదో పట్టుకున్నాడా, క్లాసులో చెప్పినదానికి ముడేశాడా.

"అయితే పదికి తొమ్మిది" అని జవాబు వచ్చింది. "దీర్ఘాలు అన్నీ తప్పే."