పుస్తకం గిస్తకం

మన బడి సంచికలో మాస్టార్ల గురించీ మైదానం గురించీ తోటివాళ్ళు ఎలాగూ రాస్తారు. మన బడి వరండాల్లో మోగిన అర్థంలేని మాటల గురించి ఈ నాలుగు ముక్కలు. అల్లరి కింద కొట్టిపారేస్తాం గానీ, వాటి కట్టుబాట్లు ఛందస్సు పాఠానికి తీసిపోవు.

కాళ్ళాగజ్జె కంకాళమ్మనే తీసుకోండి. పిల్లలు కాళ్ళు చాపి కూర్చుంటారు, ఒకరు మాటకో కాలు తాకుతూ పోతారు, ఆఖరి మాట పడ్డ కాలు ముడవాలి. ‘మొగ్గకాదు మోదుగనీడ, నీడకాదు నిమ్మలబావి’: ముందు పాదంలో చివర వచ్చినదాన్ని కాదంటూ తర్వాతి పాదం మొదలవుతుంది. మొగ్గ నీడెలా అయిందో ఎవరూ అడగరు. కానీ లెక్కెట్టి చూస్తే రెండు పాదాల్లోనూ మొదటి సగం 6 మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగుదానికి రెండు), రెండో సగం 7. సగాల మొదటి అక్షరాలు మొ–మో, నీ–ని. అచ్చంగా వడి, అంటే యతి! పిల్లల నోట అది నిలిచింది ఈ బిగి వల్లే.

జంటమాటలకీ సూత్రముంది. మొదటి అక్షరం తీసేసి ‘గి’ పెట్టాలి, అది దీర్ఘమైతే ‘గీ’. పుస్తకం గిస్తకం, చెట్టూ గిట్టూ, పాలూ గీలూ. ‘గిన్నె’ దగ్గర యంత్రం ఆగిపోతుంది, అందుకని గిన్నెలూ తపేలాలూ అని తప్పించుకుంటాం. క-భాషలో ప్రతి అక్షరం ముందూ ‘క’ చేర్చాలి: ‘నువ్వు రా’ అంటే ‘కనుకవ్వు కరా’. ‘కాకి’ని ‘కకాకకి’ అనేసరికి వినేవాడికి ఏ ‘క’ అసలుదో తేలదు.

1957 నాటి మాయాబజార్‌ సినిమాలో రచయిత పింగళి నాగేంద్రరావు చేసింది ఇంకా సూక్ష్మం. సంయుక్తాక్షరాన్ని విడగొట్టాడు: అస్మదీయులు (మనవాళ్ళు) అసమదీయులయ్యారు, దుష్టచతుష్టయం దుషటచతుషటయమైంది. సంస్కృతంలో త్వదీయులు (నీవాళ్ళు), యుష్మదీయులు (మీవాళ్ళు) ఉన్నారు గానీ తస్మదీయులు లేరు. సినిమాలోని ‘తసమదీయులు’ పూర్తిగా ప్రాస కోసం పుట్టినవాళ్ళు, అయినా శత్రువులని వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పటి పిల్లల కోసం రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఒక్కచోట: అన్ని మాటలూ కల్పించేస్తారు. అప్పుడు మిగిలేది మోత మాత్రమే. నాలుగేసి మాత్రల నడకలో ఇలా కట్టి చూడండి:

జిమ్మటి కొమ్మన జుమిలీ పిట్ట
తోమిరి మింగుతు తొరికాడింది

కొత్తవి నాలుగే. కొమ్మ, పిట్ట, మింగడం మనవే, ‘-ఇంది’ కూడా మనదే. కాబట్టి పిట్ట ఎక్కడుంది, ఏం మింగింది, ఏం చేసింది అంటే రెండో తరగతి పిల్ల కూడా తడుముకోకుండా చెబుతుంది. కల్పించిన మాటలో ఖ, ఘ, ఛ లాంటి ఒత్తక్షరాలు పెడితే మంత్రం చదివినట్టుంటుంది. ళ, ణలతో మొదలెడితే నోరు తిరగదు, తెలుగు మాటలు వాటితో మొదలవవు. విభక్తి మాత్రం సరిగా పడాలి: ‘తోమిరికి’, ‘తోమిరిని’, అదే ‘తోమిర’ అయితే ‘తోమిరకు’, ‘తోమిరను’.

మాట కుదిరిందో లేదో చూడాలంటే అర్థం చెప్పకుండా బహువచనం అడగండి. ‘టొబ్బరం’ అంటే టొబ్బరాలు అని వచ్చేస్తుంది. ‘జుండు’ అన్నామనుకోండి, పళ్ళు అనే ఇంటి పిల్లలు జుళ్ళు అంటారు, పండ్లు అనే తెలంగాణ పిల్లలు జుండ్లు అంటారు. రెండూ ఒప్పే.