కంపెనీ వాళ్లను పిలిచి డ్వాక్రా సంఘానికి ఫోన్ క్లాసు పెట్టించేవాళ్లకు

అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున్నే బెంగళూరులో 44వ నంబరు హైవే ఎక్కితే దారిలో టిఫిన్‌కి ఆగినా పదింటికల్లా వచ్చేయొచ్చు. కంపెనీ ఉద్యోగులు శనివారం వచ్చి, సంఘాలకు ఫోన్ వాడకం నేర్పి, రాత్రికి ఇల్లు చేరడానికి బాగా కుదిరే దూరం. వచ్చేవాళ్ల మనసు మంచిదే. కానీ చాలామంది ప్రొజెక్టర్ పెట్టి, ఫోన్‌లో ఏమేం ఉన్నాయో వరసగా చూపించి వెళ్లిపోతారు. సంఘానికి నిజంగా అవసరమయ్యే కబురు ఒక్కటి కూడా ఆ రోజు ఎవరి ఫోన్ నుంచీ పోదు. మా లెక్కలో క్లాసు అంటే, వచ్చిన ప్రతి మనిషీ తన ఫోన్‌లో, తన చేత్తో, తనకు పనికొచ్చే ఒక్క మెసేజ్ పూర్తిచేసి పంపడం. అది అయ్యాక టైముంటే మిగతావి.

ముందు కంపెనీతో తేల్చుకోవాల్సింది తలల లెక్క. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అయితే ఉద్యోగులు ఊరికే వచ్చి చేసిన సేవకు గంటకింత అని విలువ కట్టి ఆ ఖర్చులో చూపించడం కుదరదని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో స్పష్టం చేసింది. డబ్బు లెక్కలోకి రాదు కాబట్టి రిపోర్టులో చూపించుకోవడానికి మిగిలేది 'ఇంతమందికి నేర్పాం' అన్న అంకె. అందుకే కల్యాణ మండపం మాట్లాడి రెండొందల మందిని కూర్చోబెట్టమంటారు. ఒప్పుకోకండి. ఒక పూటకు ఇరవై మంది చాలు. నలుగురికి ఒక వాలంటీర్, అంటే ఐదుగురు. వాళ్లలో కనీసం ఇద్దరికి తెలుగు గట్టిగా రావాలి. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడంతో నెట్టుకురావచ్చు. కదిరి, హిందూపురంలో ఉర్దూ మాట్లాడే అక్కలుంటే హిందీ కొంతవరకు నడుస్తుంది. మిగతా చోట్ల తెలుగే దిక్కు.

టైము దగ్గర ఎప్పుడూ పేచీ వస్తుంది. రాత్రికి ఇల్లు చేరాలి కాబట్టి కంపెనీ వాళ్లు పదింటికి మొదలుపెడదామంటారు. ఎండాకాలంలో ఆడవాళ్లు పొద్దున్నే ఉపాధి పనికి పోయి, ఎండ ముదిరాక ఇంటికొచ్చి వంట చేసుకోవాలి. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకే వాళ్లకు తీరిక. అక్టోబర్, నవంబర్‌లలో శనక్కాయ పీకే రోజుల్లో అయితే అసలు పెట్టొద్దు. ఎవరు, ఎందుకు వస్తున్నారో యానిమేటర్ (ఊళ్లో సంఘాల పనులు చూసే మనిషి) చేత ముందే విడమరిచి చెప్పించండి. లేకపోతే కంపెనీ వాళ్లొస్తున్నారనగానే ఉద్యోగాలిస్తారేమోనని పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని వస్తారు.

క్లాసు సగం ఆగిపోయేది పాఠం దగ్గర కాదు, ఫోన్ల దగ్గర. వారం ముందే యానిమేటర్‌తో నాలుగు సంగతులు కనుక్కోవాలి. ఫోన్ ఎవరిది? కొడుకుదో మొగుడిదో అయితే ఆ పూటకు అది చేతికి రాదు. రీఛార్జ్ ఉందా? మెమరీ ఖాళీ ఉందా? పండగల గుడ్ మార్నింగ్ వీడియోలతో నిండిపోయిన ఫోన్‌లో కొత్త ఫొటో తీయడానికే చోటుండదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్తే పెద్ద ఫైళ్లన్నీ ఒకచోట కనిపిస్తాయి, తీసేయడానికి పది నిమిషాలు చాలు. కానీ ఏం తీసేయాలో ఆమే చెప్పాలి, మనవడి వీడియో పోతే ఇక మీ పాఠం ఎవరు వింటారు? నాలుగోది తెలుగు కీబోర్డు. జీబోర్డులో (గూగుల్ వాళ్ల కీబోర్డు) తెలుగు కలిపి పెడితే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు వస్తుంది. చదువు తక్కువైనవాళ్లకు మైకు గుర్తు నొక్కి మాట్లాడటమే మేలు. సీమ యాసను అది అక్కడక్కడ తప్పుగా రాస్తుంది, పంపే ముందు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. నెట్ కోసం ఒక్క వాలంటీర్ హాట్‌స్పాట్‌ను నమ్ముకోవద్దు, పది ఫోన్లు తగిలేసరికి చేతులెత్తేస్తుంది. ఇద్దరు ముగ్గురు వేరువేరు కంపెనీల సిమ్‌లతో పంచండి.

ఇక అసలు పని. మొదటి పాఠం ఎప్పుడూ మీటింగ్ కబురే ఉండాలి, అది అందరికీ తెలిసిన పని. సంఘాల గ్రూపుల్లో మామూలుగా కనిపించేది ఇది: 'రేపు మీటింగ్ ఉంది అందరూ రండి.' బోర్డు మీద రాసి, ఇందులో ఏం లేదో వాళ్లనే అడగండి. రాత్రి పంపిన మెసేజ్ తెల్లారి చూసిన మనిషికి 'రేపు' అంటే ఇంకో రోజు అవుతుంది. ఎక్కడ, ఎన్నింటికి, ఏం తేవాలి అన్నవి లేకపోవడంతో లీడర్‌కు పది ఫోన్లు వస్తాయి. వాళ్లు చెప్పినవన్నీ కలిపితే ఇలా తేలుతుంది:

'మార్చి 12 గురువారం, మధ్యాహ్నం 3 గంటలకు, రాములవారి గుడి పక్క అంగన్‌వాడీలో సంఘం మీటింగ్. పాసుపుస్తకం, ఈ నెల పొదుపు తీసుకురండి. రాలేనివాళ్లు ముందురోజే లీడర్‌కు చెప్పండి.'

దీన్ని ప్రతి ఒక్కరూ తమ ఫోన్‌లో కొట్టి పంపాలి. ఇక్కడే వాలంటీర్లు చెడగొడతారు. ఆమె అక్షరం వెతుక్కుంటుంటే చూడలేక 'ఇలా ఇవ్వండక్కా' అని ఫోన్ లాక్కుని టకటకా కొట్టి తిరిగిచ్చేస్తారు. మెసేజ్ పోతుంది కానీ ఆమెకు ఏమీ రాదు. మేం పెట్టే ఒకే ఒక్క కట్టడి: వాలంటీర్ చేతులు వెనక్కి కట్టుకోవాలి, నోటితోనే దారి చెప్పాలి. పిలుపు కూడా చూసుకోండి. ఆంటీ అంటే ముఖం అదోలా పెట్టేవాళ్లుంటారు. వయసును బట్టి అక్కా, అమ్మా, పెద్దమ్మా అంటే సరిపోతుంది.

చదవలేని సభ్యులకు ఇదే కబురు గొంతుతో వెళ్లాలి. మైకు గుర్తు మీద వేలు పెట్టి మాట్లాడుతూ మధ్యలో వేలు తీసేస్తారు, సగం మాటే పోతుంది. వేలు పెట్టి పైకి జరిపితే లాక్ పడుతుంది, ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడొచ్చు. మైకు రంధ్రం ఫోన్ అడుగున ఉంటుంది, అరచేయి దాన్ని మూసేస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఫ్యాన్ కట్టేయండి. ముందు పేరు, సంఘం పేరు, తర్వాత తారీఖు, తర్వాత సంగతి, అంతా అర నిమిషంలోపు. రెండు సంగతులుంటే రెండు మెసేజ్‌లు.

తప్పు పోతే పంపిన పదిహేను నిమిషాల్లోపు రాసిన మెసేజ్‌ను దిద్దుకోవచ్చు. తీసేసేటప్పుడు 'అందరికీ' అన్నది నొక్కాలి. కంగారులో తన ఒక్కదానికి మాత్రమే పోయేది నొక్కుతారు, అది మిగతావాళ్ల ఫోన్లలో అలాగే ఉంటుంది. రెండూ ఒకసారి చేయించి చూపించండి.

అమ్ముకునే సంఘాలకు ఫొటో పాఠం విడిగా ఒక పూట కావాలి. ధర్మవరం పట్టుచీరనే తీసుకోండి. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా మండిపోతుంది, ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ గోధుమరంగుకు తిరుగుతుంది. వరండా నీడలో, పగటి వెలుతురులో, లెన్స్‌ను కొంగుతో తుడిచి తీయాలి. నాలుగు ఫొటోలు: మడతలో మొత్తం చీర, కొంగు, అంచు దగ్గరగా, వెనక వైపు నేత. వెనక వైపు చూడకుండా కొనని ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది, పంపే ముందు పైనున్న హెచ్‌డీ గుర్తు నొక్కితే జరీ పని కాస్త నిలబడుతుంది. ఫొటో కింద రంగు మాటల్లో రాయాలి, ఎందుకంటే స్క్రీన్ స్క్రీన్‌కూ రంగు మారుతుంది. చీర పొడవు, రవిక గుడ్డ ఉందో లేదో, ధర, పార్శిల్ ఖర్చు ఎవరిదో, అన్నీ అక్కడే ఉండాలి. 'ధరకు ఫోన్ చేయండి' అని రాస్తే అడిగేవాళ్లలో సగం మంది ఆగిపోతారు. ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది వరకే. అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఈ సంగతి తెలియక 'అందరికీ పంపాను, ఒక్కరూ అడగలేదు' అని డీలా పడతారు.

మోసాల గురించి భయపెట్టే ఉపన్యాసం వద్దు, మూడే మూడు మాటలు పదేపదే అనిపించండి. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. ఓటీపీ బ్యాంకు వాళ్లు కూడా అడగరు. పెళ్లిపత్రిక అనో, చలానా అనో, పీఎం కిసాన్ అనో పేరుపెట్టి ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వస్తే, తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవొద్దు. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. ఆ నంబరును క్లాసులోనే అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.

గ్రూపుకు ఇద్దరు అడ్మిన్లుండాలి, ఇద్దరూ సంఘం వాళ్లే. ఉత్సాహంలో కంపెనీ వాలంటీర్ గ్రూపు తెరిచి తనే అడ్మిన్‌గా ఉండిపోతాడు, ఆర్నెల్లకు ఉద్యోగం మారతాడు, సెట్టింగ్ మార్చాలన్నా దిక్కుండదు. కబుర్ల గ్రూపులో అడ్మిన్లే పంపేలా పెట్టి, ముచ్చట్లకు ఇంకోటి తెరవండి. వీడియోల కింద మీటింగ్ తారీఖు పూడిపోకుండా ఉంటుంది. వెళ్లేముందు ఫొటో తీసుకోవడానికి అడగండి, ఆ ఫొటో ఎక్కడ పెడతారో కూడా చెప్పండి. తర్వాత ఆరు వారాలు, వారానికొక చిన్న పని ఫోన్‌లోనే పంపాలి: ఈ వారం మీటింగ్ కబురు, పై వారం ఒక ఫొటో, ఆపై బ్యాంకు మేనేజర్‌కు మూడు వాక్యాల అర్జీ. జవాబు రానివాళ్లకు మెసేజ్ మీద మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయండి. సాధారణంగా రీఛార్జ్ అయిపోయి ఉంటుంది.