చైనీస్ వచ్చు కదా అని జపనీస్‌లోకి దిగాను: నా అనుభవం

నిన్న సాయంత్రం ఒసాకాలో ఉద్యోగం ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది. వెంటనే రాసేస్తున్నాను, ఎందుకంటే రెండు వారాలు పోతే నా కోపమంతా చల్లారిపోయి, నేను కూడా అందరిలాగే "కష్టపడితే అన్నీ వస్తాయండీ" అని ఊరుకుంటానేమో.

షెన్‌జెన్‌లో ఎలక్ట్రానిక్ విడిభాగాలు కొనిపెట్టే ఆఫీసులో నాలుగేళ్లు పనిచేశాను. చైనీస్‌లో బేరమాడటం, సప్లయర్‌తో పోట్లాడటం, మెయిల్స్ రాయటం అన్నీ వచ్చు. మా ఆయనకి ఒసాకా బదిలీ అయితే డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చాను. ఇల్లు, వార్డు ఆఫీసులో అడ్రసు నమోదు, బ్యాంకు ఖాతా అన్నీ పది రోజుల్లో అయిపోయాయి.

జపనీస్ కోసం ఒక ఆన్‌లైన్ కోచింగ్‌లో చేరాను. అక్కడి సారు మొదటిరోజే "చైనీస్ వచ్చినవాళ్లకి జపనీస్ సగం వచ్చేసినట్టేనమ్మా, కింది లెవెల్స్ మీకెందుకు, నేరుగా ఎన్2 రాసెయ్యండి" అన్నారు. (ఎన్2 అంటే జపనీస్ భాషా పరీక్షలోని ఐదు స్థాయిల్లో పైనుంచి రెండోది.) ఎవరైనా మీతో ఈ మాటంటే దయచేసి వాళ్లకి ఫీజు కట్టకండి.

చదవటం వరకు ఆయన చెప్పింది నిజమే. సమాజం, ఆర్థికం, టెలిఫోన్, తత్వశాస్త్రం, ఇలాంటి మాటలకి రెండు భాషల్లోనూ అవే అక్షరాలు. పందొమ్మిదో శతాబ్దంలో పాశ్చాత్య విషయాలు చెప్పటానికి జపాన్ వాళ్లు చైనా అక్షరాలతో కొత్త మాటలు కట్టారు. తత్వశాస్త్రానికి 'తెత్సుగకు' అన్నది నిషి అమానె కట్టిన మాట, చైనా వాళ్లు ఆ అక్షరాలే తీసుకుని 'జెష్వే' అని పలుకుతారు. అందుకే పేపర్లో సంపాదకీయం తీస్తే నాకు దాదాపు అర్థమయ్యేది. డిసెంబర్‌లో ఎన్2 రాశాను. 180కి 98 వచ్చాయి, పాస్ మార్కు 90, అయినా ఫెయిల్. మూడు భాగాల్లో ఏ ఒక్కదాంట్లోనైనా 60కి 19 రాకపోతే మొత్తం పోయినట్టే, నాకు లిజనింగ్‌లో వచ్చింది 17.

ఇది పెద్ద బాధ కాదు. అసలు బాధ ఫిబ్రవరిలో.

చైనా నుంచి వంటసామాను తెప్పించే ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకి పిలిచారు. చైనీస్ వచ్చిన మనిషి కావాలన్నారు, ఎన్2 లేకపోయినా పర్లేదన్నారు. ఎదురుగా ముగ్గురు. మొదటి ఇరవై నిమిషాలు బాగానే జరిగింది. తర్వాత చైనీస్‌లో ఉన్న సప్లయర్ మెయిల్ ఒకటి చేతికిచ్చి, పావుగంటలో పెన్నుతో జపనీస్‌లోకి మార్చమన్నారు. ఆఖరి వాక్యం చాలా తేలిక: "మా మేనేజర్‌తో మాట్లాడి వచ్చే వారం మీకు చెబుతాను." చైనీస్‌లో మేనేజర్ అంటే 'జింగ్‌లీ', చెప్పటం అంటే 'గావ్‌సు'. టైము అయిపోతోంది, టెన్షన్, ఆ అక్షరాలే జపాన్ పద్ధతిలోకి మార్చి రాసేశాను. మాటకి సంబంధించిన అక్షరాలకి ఎడమవైపు ఉండే భాగాన్ని ఇప్పుడు చైనాలో రెండు గీతల్లో రాస్తారు, జపాన్‌లో ఏడు గీతలూ పూర్తిగా రాయాలి. ఆ ఏడు గీతలు శ్రద్ధగా, అందంగా రాశాను కూడా.

మధ్యలో కూర్చున్నాయన చదివి, కాగితం కిందపెట్టి, మళ్లీ తీసి చదివారు. పక్కనున్న అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. చివర్లో చాలా మర్యాదగా "కెంతో చేస్తాం" అన్నారు, అంటే పరిశీలిస్తాం అని.

తిరిగి వస్తూ మిదోసుజి లైన్ రైల్లో అనుమానం వచ్చి ఫోన్లో డిక్షనరీ తీశాను. జింగ్‌లీ అక్షరాలు జపాన్‌లో 'కేయిరి', అంటే అకౌంట్స్ పని. గావ్‌సు అక్షరాలు 'కొకుసో', అంటే నష్టపోయినవాళ్లు పోలీసుల దగ్గర పెట్టే క్రిమినల్ ఫిర్యాదు. అంటే నేను రాసింది, "మా అకౌంట్స్ వాళ్లని సంప్రదించి వచ్చే వారం మీ మీద కేసు పెడతాం" అని. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

పదిరోజులు ఎదురుచూశాను. ఆఫీసుల్లో 'కెంతో' అంటే చాలాసార్లు 'వద్దు' అనే అర్థమని నాకెవరూ చెప్పలేదు. అదే అక్షరాలకి చైనాలో 'జ్యెన్‌తావ్', అంటే తప్పు ఒప్పుకుంటూ తనని తాను విమర్శించుకోవటం, అల్లరి చేసిన పిల్లల చేత స్కూల్లో రాయిస్తారు. తప్పు ఎక్కడుందో ఆ గదిలో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు కదా! ఎదుటివాళ్ల తప్పు మొహం మీద చెప్పకపోవటం మర్యాద అంటారు. పరాయి దేశంలో పని వెతుక్కుంటున్న మనిషికి అది మర్యాద కాదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేశారు, నా చేత ప్రాథమిక్, మధ్యమ పరీక్షలు రాయించింది ఆయనే. అంతా విని, "ఆరో క్లాసు పిల్లలు ఏటా శిక్షా మంత్రి అంటే జైళ్ల మంత్రి అనుకుంటారమ్మా, ఉపన్యాస్ అంటే నవల అయితే స్పీచ్ అని రాస్తారు. హిందీలో ఆలోచన అంటే విమర్శ అని నీకు ఎన్నిసార్లు చెప్పాను?" అన్నారు. ఒళ్లు జలదరించింది. ఒకే మాట ఒక చోట విమర్శ, ఇంకో చోట ఆలోచించటం. కెంతో కథ ఇదే కదా! సంస్కృతం మాటలతో చిన్నప్పుడే నేర్చుకున్న జాగ్రత్త అక్కడ నాకు గుర్తు రాలేదు.

మర్నాడే నోటుబుక్ మొదలుపెట్టాను. అందరూ చెప్పే 'తెగామి' (జపాన్‌లో ఉత్తరం, చైనాలో టాయిలెట్ పేపర్), 'బెంక్యో' (ఇక్కడ చదువు, అక్కడ అయిష్టంగా), 'ముసుమే' (ఇక్కడ కూతురు, అక్కడ తల్లి), వీటితో ప్రమాదం లేదు, అర్థం అంత దూరంగా ఉంటే వాక్యమే పట్టిచ్చేస్తుంది. భయపడాల్సింది కొంచెమే పక్కకి జరిగిన మాటలకి. 'షింబున్' జపాన్‌లో వార్తాపత్రిక, చైనాలో వార్త. ఏ అర్థం పెట్టినా వాక్యం నడిచిపోతుంది, మీకు తప్పని కూడా తెలియదు.

మా వార్డులో ఉచితంగా జపనీస్ నేర్పే రిటైర్డ్ టీచర్ ఒకావిడ ఉన్నారు. డబ్బు తీసుకున్న సారు కంటే ఆవిడ వెయ్యిరెట్లు నయం. ఒకరోజు ఆవిడ ఒక సంగతి చెప్పారు. 1972 సెప్టెంబర్‌లో జపాన్ ప్రధాని తనాకా కకుఎయి బీజింగ్ విందులో, యుద్ధకాలం గురించి చైనా ప్రజలకి ఎంతో 'మేయివాకు' (జపనీస్‌లో ఇబ్బంది, బాధ) కలిగించామన్నాడట. ఆ అక్షరాలకి చైనీస్‌లో అయోమయం అని అర్థం, అందుకని అనువాదకులు 'మాఫాన్' అన్నారు. అది చిన్న ఇబ్బందికి వాడే మాట. ఆడవాళ్ల బట్టల మీద నీళ్లు చిందితే అనే మాట అది అని చైనా ప్రధాని చౌ ఎన్‌లై నొచ్చుకున్నారట. ఆవిడ ఇది చెప్పాక నా కాగితం గురించి ఏడవటం మానేశాను.

రోజూ రెండు గంటలు పుస్తకం మూసి రేడియో విన్నాను. జులైలో మళ్లీ రాశాను: 139, లిజనింగ్‌లో 38. గర్వంగానే చెబుతున్నాను. తర్వాత ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ అరగంటలో అయిపోయింది.

నిన్నటి మెయిల్‌లో ఉన్న మాట 'నాయితేయి', అంటే ఉద్యోగం ఖాయం అని. చైనాలో ఆ అక్షరాలు చూస్తే పోటీ పెట్టకముందే లోపల ఎవరినో అనుకున్నారని అర్థం. నోటుబుక్‌లో రాసుకున్నాను, 213వ మాట. డిపెండెంట్ వీసా మీద వారానికి 28 గంటలకి మించి పనిచెయ్యకూడదు, కాబట్టి వీసా మార్పుకి సోమవారం ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాలి. ఫారాలన్నీ నేనే నింపాను, టీచరుగారికి చూపించి మరీ.