వాచీలో హెచ్‌ఆర్‌వీ తగ్గిందని హైరానా ఎందుకు?

వరంగల్ భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచేవాళ్లు ఇదివరకు షుగర్ ఎంత, బీపీ ఎంత అని ఒకరినొకరు అడిగేవాళ్లు, ఇప్పుడు వాచీలు చూపించుకుని హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ) ఎంత అంటున్నారు. మా బాపు వయసున్న ఒకాయనైతే "కొడుక్కి 60 ఉంది, నాకు 22, గుండె పాడైందా బిడ్డా" అని ఒకటే టెన్షన్.

ఆ నంబర్ ఒక్కటీ చూసి అలా అనుకోవద్దు. నాడి 60 ఉందంటే గుండె సరిగ్గా సెకనుకొకసారి కొట్టుకుంటుందని కాదు, ఒకసారి 960 మిల్లీసెకన్ల ఎడం ఉంటే ఇంకోసారి 1040 ఉంటుంది, ఊపిరి పీల్చేటప్పుడు కాస్త వేగం, వదిలేటప్పుడు కాస్త నెమ్మది. ఈ హెచ్చుతగ్గుల కొలతే హెచ్‌ఆర్‌వీ.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మందులిచ్చి గుండె మీద నరాల అదుపు తీసేసి చూస్తే 20 ఏళ్లవాళ్లకు నిమిషానికి దాదాపు 107 సార్లు కొట్టుకుంటుంది, 70 ఏళ్లకు అది 78 దాకా దిగుతుంది. మరి కుర్రాడి నాడి ఊరికే కూర్చున్నప్పుడు 70 ఎలా ఉంది? మెదడు నుంచి వచ్చి గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం పగ్గం బిగించి పట్టుకుంది కాబట్టి. పెద్దాయనకు పగ్గం వదులైంది, కానీ గుండె సొంత వేగం కూడా తగ్గింది, అందుకే నాడి పట్టి చూస్తే ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, తేడా హెచ్‌ఆర్‌వీలో బయటపడుతుంది.

1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 10 నుంచి 99 ఏళ్ల దాకా ఏ జబ్బూ లేనివాళ్లకు 24 గంటల ఈసీజీ తీశారు. హెచ్‌ఆర్‌వీని లెక్కగట్టే పద్ధతుల్లో ఒకటైన, ఒక ఎడానికీ దాని తర్వాతి ఎడానికీ మధ్య తేడాలతో వేగస్ పనితీరును చూపించే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అరవై దగ్గరపడేసరికి సగానికి పడిపోయి, ఆ తర్వాత పెద్దగా దిగలేదు. ఎడాలన్నీ కలిపి సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతున్నాయో చెప్పే ఎస్‌డీఎన్ఎన్ అనే ఇంకో కొలత మాత్రం నిదానంగా తగ్గుతూ పోయింది. అన్నట్టు యాపిల్ వాచీ చూపించేది ఎస్‌డీఎన్ఎన్, గార్మిన్‌ది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ, తండ్రీకొడుకులవి వేరువేరు వాచీలైతే ఇక పోలికే లేదు. ఎవరి పాత లెక్కతో వాళ్లు చూసుకోవడమే, అదీ ఒక్క రోజుది కాదు, నిద్ర లేకపోయినా జ్వరమొచ్చినా రాత్రి మందు కొట్టినా తెల్లారి నంబర్ దిగుతుంది.

ఇంకోటి, పెద్ద వయసులో హెచ్‌ఆర్‌వీ ఉన్నట్టుండి బాగా పెరిగితే సంబరపడకండి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె లయ తప్పి కొట్టుకున్నా ఆ నంబర్ అలాగే పైకి లేస్తుంది, అప్పుడు ఈసీజీ తీయించుకోవాలి.